దూరపు ఊరి నుంచి డోలు ఒక్కటే ఎందుకు వినిపిస్తుంది?

పక్క ఊళ్లో జాతర మొదలైందని ముందుగా చెప్పేది డోలే. పాట వినబడదు, సన్నాయి వినబడదు, మైకులో ఎవరో పిలుస్తున్న పేర్లు వినబడవు. దుమ్, దుమ్ అని ఆ ఒక్క దెబ్బ మాత్రం పొలాలు దాటి, తోపులు దాటి వచ్చి మంచం పక్కన నిలబడుతుంది. ఊరేగింపు దగ్గరికి వచ్చే కొద్దీ ఆ దెబ్బ మీద మిగతావి ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి: ముందు కొమ్ముబూర, తర్వాత పాటలోని రాగం, చిట్టచివర మాటలూ తాళాల గలగలా. ఊరేగింపు దూరమవుతుంటే ఇదే వరుస వెనకనుంచి నడుస్తుంది. ఎందుకిలా అని అడిగితే, డోలు అన్నిటికన్నా గట్టిగా మోగుతుంది కాబట్టి అని చాలామంది ఠక్కున చెప్పేస్తారు. అది సగం జవాబే. దగ్గర నిలబడి వింటే సన్నాయి చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. అయినా దారిలో ఎక్కడో తప్పిపోతుంది.

మిగతా సగం జవాబును వెతకడానికి బస్తర్ మంచి చోటు. ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన ఇంద్రావతి, శబరి నదుల చుట్టూ పరుచుకున్న ఈ అడవి నేల తెలుగువారికి పరాయిది కాదు. ఓరుగల్లు కూలిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం నిలిపాడని బస్తర్ రాజవంశం చెప్పుకునే కథ. కుంట, భోపాలపట్నం వైపు వెళితే ఇప్పటికీ తెలుగు మాట చెవిన పడుతుంది. ఈ అడవిలో లోగొంతు వాద్యాలకు కొదవ లేదు. దండామి మరియాలు అడవిదున్న కొమ్ముల తలపాగా పెట్టుకుని, ముఖం మీదికి గవ్వల జాలరు వేలాడుతుండగా, పొడవాటి డోళ్లు మెడకు తగిలించుకుని ఆడతారు. మురియా యువతీ యువకుల ఘోటుల్‌లో మాందరి మోగుతుంది. హల్బీ మాట్లాడే ఊళ్లలో గురుమాయిలు అనే గాయనులు కుండ మీద విల్లు ఆనించి కథలు పాడతారు. చింతూరు, భద్రాచలం ప్రాంతాల కోయల కొమ్ము నృత్యం ఈ మరియాల ఆటకు దగ్గరి చుట్టం. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు చాలామంది తెలుగువారు ఆ వాద్యం పేరు మొదటిసారి విన్నారు.

ఆర్కెస్ట్రాల్లో బాస్ అని పిలిచే ఈ లోగొంతు ధ్వనికి మన సంగీతంలో మంద్రం అనే పాత మాట ఉంది. ఆ మాటే వాడుకుందాం.

సెకనుకు ఎన్ని ఊపులు

తోలు మీద దెబ్బ పడగానే అది లోపలికీ బయటికీ ఊగుతుంది. ఊగినప్పుడల్లా పక్కనున్న గాలిని ఒక తోపు తోస్తుంది. ఆ గాలి దాని పక్క గాలిని తోస్తుంది. కిక్కిరిసిన బస్సులో వెనక ఎవరో తోస్తే ఆ తోపు ముందున్న డ్రైవరు దాకా వచ్చినట్టే, మనిషి కదలకపోయినా తోపు మాత్రం ప్రయాణం చేస్తుంది. సెకనుకు ఎన్ని తోపులు వస్తాయన్నదే ధ్వని ఎత్తూ దిగువా తేలుస్తుంది. దీన్ని ఊపుల లెక్క అనుకోవచ్చు. బడి పుస్తకాల్లో పౌనఃపున్యం, రికార్డింగ్ స్టూడియోల్లో ఫ్రీక్వెన్సీ అనేది ఇదే. సెకనుకు ఒక ఊపు అయితే ఒక హెర్ట్జ్.

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా వింటుంది. దోమ రెక్కల రొద నాలుగైదు వందల దగ్గర ఉంటుంది. మాటల్లోని స, ష వంటి బుసబుసల అక్షరాలు కొన్ని వేలలో ఉంటాయి. పెద్ద డోలు ఎడమ మూతి, రాక్ బృందంలోని బాస్ గిటారు మాత్రం అడుగున కూర్చుంటాయి. బాస్ గిటారు అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లే ఊగుతుంది.

ఊపులు తగ్గితే అల సాగుతుంది. 30 డిగ్రీల వేడిలో ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 349 మీటర్లు వెళుతుంది. సెకనుకు 50 ఊపులు పుడితే ఆ 349 మీటర్లను యాభై అలలు పంచుకోవాలి. ఒక్కొక్క అలకు ఏడు మీటర్లు, అంటే ఒక మామూలు పెంకుటిల్లు పొడవు వస్తుంది. అదే 4000 ఊపుల తాళాల గలగల అయితే అల తొమ్మిది సెంటీమీటర్లు కూడా ఉండదు. అరచేతిలో పడుతుంది. డోలు ఇంటంత అలను పంపుతుంది, తాళం అరచేతంత అలను పంపుతుంది. దారిలో వాటి గతులు వేరవడానికి మొదటి కారణం ఇదే.

చెట్టు ఆపలేని అల

చెరువులో నిలబెట్టిన వెదురు బొంగు వైపు చూస్తే ఈ తేడా కంటికి కనిపిస్తుంది. గాలికి లేచిన చిన్న చిన్న ముడతలు బొంగును తాకి చెదిరిపోతాయి. పెద్ద రాయి వేస్తే లేచిన పొడవాటి అల మాత్రం బొంగు ఉందన్న సంగతే పట్టనట్టు సాగిపోతుంది. అల తనకన్నా బాగా చిన్నదైన అడ్డును పట్టించుకోదు. బస్తర్‌ను సాల వనాల ద్వీపం అంటారు. సాల అంటే మన గుగ్గిలం చెట్టు. దాని మాను అర మీటరు లావుంటే అరచేతంత అలకు అది గోడ, ఏడు మీటర్ల అలకు పూచిక పుల్ల. తాళాల ధ్వని మాను మానుకూ ఆకు ఆకుకూ తగిలి దిక్కులు తప్పుతుంది. డోలు దెబ్బ అడవిలోంచి నడిచి వచ్చేస్తుంది.

చెట్లు లేకపోయినా గాలి తన సుంకం తాను వసూలు చేస్తుంది. ఊగే ప్రతిసారీ అల కొంత శక్తిని గాలికి వేడి రూపంలో వదులుకుంటుంది. ఎక్కువసార్లు ఊగేది ఎక్కువ పోగొట్టుకుంటుంది. 20 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలిలో కిలోమీటరు దూరం పోయేసరికి 4000 హెర్ట్జ్ ధ్వని సుమారు 23 డెసిబెల్‌లు కోల్పోతుంది. డెసిబెల్ అంకెలు చూసి మోసపోకూడదు. 23 తగ్గడమంటే శక్తిలో రెండు వందలో వంతే మిగలడం. అదే గాలిలో 125 హెర్ట్జ్ ధ్వని పోగొట్టుకునేది 0.3 డెసిబెల్, అంటే నూటికి ఏడు పాళ్లు. దూరం పెరిగేకొద్దీ ధ్వని నలుదిక్కులా పరుచుకుని పలచబడటం అన్నిటికీ సమానమే. గాలి వసూలు చేసే ఈ అదనపు సుంకం మాత్రం సన్నని గొంతుల మీదే పడుతుంది.

పగలు వినబడని డోలు రాత్రి స్పష్టంగా వినబడటం మరో విశేషం. ఊరు సద్దుమణగడం ఒక్కటే దీనికి కారణం కాదు. పగలు నేల వేడెక్కి, దాని మీది గాలి పైగాలికన్నా వేడిగా ఉంటుంది. ధ్వని వేడి గాలిలో వేగంగా పోతుంది. అందుకే అల అడుగుభాగం ముందుకు దూసుకుపోయి, మొత్తం అల ఆకాశం వైపు వంగుతుంది. చలికాలపు రాత్రి నేల చల్లబడ్డాక లెక్క తిరగబడుతుంది. పైగాలి వెచ్చగా ఉండి, అల కిందికి వంగి మళ్లీ నేలను తాకుతుంది. కోతలయ్యాక వెన్నెల రాత్రుల్లో జరిగే ఆటలకు ప్రకృతి పెట్టి ఇచ్చిన పందిరి ఇది.

పొట్ట ఎందుకంత పెద్దది

దారి సులువైనదే, బయలుదేరడమే కష్టం. చెవి మంద్రం విషయంలో మహా పిసినారి. 1000 హెర్ట్జ్ ధ్వని రెండు మూడు డెసిబెల్‌లు ఉన్నా పసిగట్టే చెవి, 50 హెర్ట్జ్ ధ్వని 44 డెసిబెల్‌లకు చేరితే గానీ లెక్కలోకి తీసుకోదు. కనుక మంద్రం వినిపించాలంటే చాలా గాలిని కదపాలి. చాలా గాలిని కదపాలంటే పెద్ద తోలు కావాలి.

పెద్ద తోలు ఉన్నా చాలదు. విసనకర్రను నెమ్మదిగా ఊపితే గాలి ముందుకు రాకుండా అంచుల పక్కనుంచి వెనక్కి జారిపోతుంది. తోలు ముందు వైపు గాలిని తోసేటప్పుడు వెనక వైపు గాలి లోపలికి లాగబడుతుంది. మంద్రపు ఊపు నెమ్మదిగా సాగుతుంది కాబట్టి ఈ తోపూ ఆ లాగుడూ అంచుల మీదుగా కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. డప్పుకు వెనక వైపు మూత లేదు. అందుకే దాని గొంతులో చురుకే ఎక్కువ, మంద్రం తక్కువ. డోలుకు రెండు మూతుల మధ్య పొడవాటి పొట్ట ఉంది. ముందు గాలికీ వెనక గాలికీ మధ్య ఆ పొట్ట గోడలా నిలబడుతుంది. స్పీకరును చెక్కపెట్టెలో బిగించడం వెనక ఉన్న సూత్రం కూడా ఇదే. పెట్టె తీసేసి స్పీకరును చేత్తో పట్టుకుని పాట పెడితే బాస్ మాయమవుతుంది. ఎవరైనా ఇంట్లో చేసి చూసుకోవచ్చు.

గొంతు దిగడానికి తోలు పెద్దదైనా కావాలి, బరువైనా కావాలి, వదులైనా కావాలి. వదులు చేయడం చవకైన దారి గానీ వదులు తోలు దెబ్బకు ఉలకదు, కాస్త గుబ్బుమని ఊరుకుంటుంది. అందుకే మన వాద్యకారులు బరువు దారి పట్టారు. మృదంగం ఎడమ మూతికి కచేరీ ముందు తడిపిన రవ్వ ముద్ద అద్దుతారు. కుడి మూతి మీది నల్ల మచ్చ అంతకన్నా గొప్ప పని చేస్తుంది. మామూలు తోలు ఊగేటప్పుడు ఒక్క శ్రుతి రాదు. మూల శ్రుతితో పాటు దానికి 1.59 రెట్లు, 2.14 రెట్లు అంటూ పొసగని లెక్కల ఉపశ్రుతులు పుడతాయి. డోలుకు దుమ్ అన్న శబ్దమే తప్ప స రి గ మ లేకపోవడానికి కారణం ఇదే. మధ్యలో మందంగా, అంచుల వైపు పలచగా పూసిన మచ్చ ఆ ఉపశ్రుతులను రెండింతలు, మూడింతలు అనే చక్కని వరుసలోకి దించుతుందని సి.వి. రామన్ చూపించాడు. శివకాళి కుమార్‌తో కలిసి 1920లో నేచర్ పత్రికలో ఆయన ఈ సంగతి రాశాడు. ఆయనకు నోబెల్ తెచ్చిన పరిశోధనకు ఇంకా ఎనిమిదేళ్ల దూరం ఉంది. మద్దెల చేసేవాళ్లు అప్పటికే తరాలుగా ఆ పని చేత్తో చేస్తున్నారన్నది మరచిపోకూడని సంగతి.

తోలే లేకుండా మంద్రం పుట్టించే చమత్కారం బస్తర్ ధన్‌కుల్‌ది. కుండ మూతి మీద చేట బోర్లిస్తారు. చేట మీద విల్లు కర్ర ఆనిస్తారు. కర్ర మీద వరసగా గాట్లు ఉంటాయి. వెదురు పుల్లతో ఆ గాట్లను రాస్తూ, నారిని మీటుతూ గురుమాయి జాగర్ అనే దీర్ఘమైన కథాగానం నడుపుతుంది. లక్ష్మీ జాగర్, తీజా జాగర్ ఈ కోవలోవి. కొండగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్ వీటిని రాతలోకి దించడానికి ఎంతో శ్రమ పడ్డాడు. సన్నని నారికి గాలిని కదిపే శక్తి లేదు. అది తన ఊపును చేటకు అందిస్తే, చేట కుండలోని గాలికి అందిస్తుంది.

కుండలోని గాలికి తనదైన గొంతు ఉంటుంది. సీసా మూతి మీద ఊదితే బూమ్మనేది ఆ గొంతే. లోపలి గాలి స్ప్రింగులా ముడుచుకుని విచ్చుకుంటుంటే, మూతి దగ్గరి గాలి దాని మీద కూర్చున్న బరువులా ఊగుతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలో దీని లెక్క కట్టాడు. ఆ లెక్క ప్రకారం పది లీటర్ల కుండకు పది సెంటీమీటర్ల మూతి ఉంటే దాని గొంతు సుమారు 160 హెర్ట్జ్. కుండ పెద్దదైతే గొంతు దిగుతుంది, మూతి పెద్దదైతే లేస్తుంది. బుర్రకథలో వంతపాటగాళ్ల గుమ్మెట మూతిని అరచేత్తో మూస్తూ తీస్తూ గొంతు మార్చేదీ, ఘటం మూతిని పొట్టకు ఆనించి ధ్వనిని లోతు చేసేదీ ఈ గాలిని ఆడించే. కొన్ని స్పీకర్ పెట్టెలకు ముందో వెనకో ఒక గుండ్రని రంధ్రం ఉంటుంది. తెలియనివాళ్లు అది గాలి ఆడటానికి పెట్టారనుకుంటారు. అది కుండ మూతి.

వలయంగా ఆడటంలోని లెక్క

మంద్రం వాయించేవాడి అసలు పని శబ్దం చేయడం కాదు, కాలాన్ని పంచిపెట్టడం. ఇది ఒక్కడు చేస్తే తేలిక. ముప్పై మంది కలిసి చేస్తే ధ్వని వేగం అడ్డు వస్తుంది. సెకనుకు 349 మీటర్లంటే వినడానికి ఎక్కువే గానీ వాద్యకారుడికి అది నత్తనడక.

ముప్పై మంది డోలు వాద్యకారులు మనిషికి మనిషికి మీటరున్నర ఎడంగా ఒకే వరుసలో నిలబడ్డారనుకుందాం. ఈ చివరికీ ఆ చివరికీ 43 మీటర్లు దాటుతుంది. ఈ చివరి దెబ్బ ఆ చివరికి చేరేసరికి సెకనులో ఎనిమిదో వంతు గడిచిపోతుంది. సెకనుకు రెండు దెబ్బల నడకలో అది దెబ్బకూ దెబ్బకూ మధ్య కాలంలో నాలుగో వంతు. చెవిని నమ్మి వాయించేవాడు తప్పనిసరిగా వెనకబడతాడు. అతన్ని విని మొదటివాడు ఆగుతాడు. అలా ఒకరికొకరు ఎదురుచూస్తూ నడక చతికిలబడుతుంది. అదే ముప్పై మంది అదే ఎడంతో వలయం కడితే అడ్డుకొలత 14 మీటర్లే. ఎంత దూరపువాడి దెబ్బ అయినా సెకనులో ఇరవై నాలుగో వంతు లోపే చేరుతుంది. పైగా వలయంలో ప్రతివాడికీ ఎదుటివాడి చేయి, కాలు కనిపిస్తాయి. వెలుగుకు ఆలస్యం లేదు. బస్తర్ ఆటల్లో వాయించేవాడే ఆడేవాడు కూడా కావడం ఇక్కడ కలిసివస్తుంది. అతని అడుగే మిగతావాళ్లకు గడియారం.

ఊరేగింపుకు ఈ సౌకర్యం లేదు. జగదల్‌పూర్‌లో 75 రోజుల పాటు సాగే బస్తర్ దసరాలో దంతేశ్వరి అమ్మవారి ఛత్రంతో రథం కదిలేటప్పుడు ముందు మేళానికీ వెనక మేళానికీ నూరు మీటర్ల ఎడం వచ్చిందంటే ధ్వని ఆలస్యం సెకనులో మూడో వంతుకు చేరువవుతుంది. అప్పుడు రెండు మేళాలూ ఒకే తాళంలో కలవాలని చూడటం వృథా ప్రయాస. ఎవరి నడక వారిదిగా ఉండటమే మంచిది. పెద్ద సభల్లో ఒకే వేదిక మీద రెండు కొసల్లో నిలబడే డ్రమ్ములవాడూ బాస్ గిటారువాడూ దగ్గరగా జరగాలని పట్టుబట్టేది కూడా స్నేహం కోసం కాదు.

వాద్యాలను పెంచితే మోత ఎంత పెరుగుతుంది? జనం అనుకున్నంత కాదు. డోళ్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్‌లే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు పది రెట్ల డోళ్లు కావాలి.

చెవికన్నా ముందు కదిలే కాలు

పాటలో రాగాన్ని పై గొంతుకు అప్పగించి, నడకను కింది గొంతుకు అప్పగించడం ఒక్క బస్తర్ అలవాటు కాదు. ఘోటుల్ మాందరి, తోలుబొమ్మలాట మద్దెల, జాజ్ బృందంలోని నిలువెత్తు డబుల్ బాస్, అన్నిటిదీ ఇదే పొందిక. 2014లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి మెదడులోనే కారణం ఉందేమోనని చూశారు. ఒక ఎత్తు స్వరాన్నీ ఒక దిగువ స్వరాన్నీ కలిపి పదే పదే వినిపించారు. అప్పుడప్పుడు వాటిలో ఒకదాన్ని సెకనులో ఇరవయ్యో వంతు ముందుగా వదిలారు. దిగువ స్వరం ముందు వచ్చినప్పుడు మెదడు ఎక్కువగా ఉలిక్కిపడింది. తాళం వేయమంటే వేళ్లు కూడా దిగువ స్వరాన్నే ఎక్కువగా అనుసరించాయి. కాలం తప్పడాన్ని మంద్రంలో పట్టుకున్నంత నిక్కచ్చిగా తారంలో, అంటే ఎత్తు గొంతులో, పట్టుకోలేమన్నమాట. పై గొంతు తప్పటడుగు వేస్తే చమత్కారంగా చెల్లుతుంది. డోలు తప్పితే ఆట ఆగుతుంది.

అదే విశ్వవిద్యాలయం 2022లో ప్రచురించిన మరో ప్రయోగం ఇంకా వింతగా ఉంటుంది. ఒక నిజమైన ఎలక్ట్రానిక్ సంగీత కచేరీలో 8 నుంచి 37 హెర్ట్జ్ మధ్య మోగే ప్రత్యేకమైన స్పీకర్లను రెండున్నర నిమిషాలకోసారి వేస్తూ ఆపుతూ పోయారు. ప్రేక్షకుల తలకట్టు పట్టీల ద్వారా వాళ్ల కదలికను కొలిచారు. ఆ స్పీకర్లు మోగుతున్నప్పుడు జనం 11.8 శాతం ఎక్కువగా ఊగారు. విడిగా జరిపిన పరీక్షలో అవి మోగుతున్నాయో లేదో గుర్తుపట్టమంటే మాత్రం వినేవాళ్లు చెప్పలేకపోయారు. చెవి గమనించకముందే చర్మమూ, లోచెవిలో ఒంటి తూకాన్ని చూసుకునే భాగమూ ఆ ఊపును అందుకుంటాయని పరిశోధకుల ఊహ. చెవిటితనం ఉన్నా ప్రపంచ ప్రసిద్ధురాలైన స్కాట్లండ్ తాళవాద్యకారిణి ఎవెలిన్ గ్లెన్నీ వేదిక మీద చెప్పులు విడిచి నిలబడేది నేల మీదుగా వచ్చే ఊపును పాదాలతో వినడానికే.

కొలబద్దకు దొరకని మోత

రాయ్‌పూర్, దుర్గ్ నుంచి నాగ్‌పూర్ దాకా పెళ్లి ఊరేగింపుల్లో ధుమాల్ మేళాలు వాడుక. వాటి వెంట, కొన్నిచోట్ల వాటికి బదులుగా, లారీ నిండా పేర్చిన డీజే స్పీకర్లు వస్తున్నాయి. మన ఊళ్ల వినాయక నిమజ్జనాలకూ ఇది కొత్త సంగతి కాదు. కిటికీ తలుపులు వేసుకున్నా పాట మాత్రమే పోతుంది, దెబ్బ పోదు. చెట్టు మానును పట్టించుకోని అలే ఇప్పుడు గోడను పట్టించుకోవడం లేదు.

ఇందులో చట్టానికీ ఒక చిక్కు ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు. ఈ అంకెలను కొలిచే పరికరం చెవి పిసినారితనాన్ని అనుకరిస్తుంది. చెవి తక్కువగా వినేవాటిని అదీ తగ్గించి లెక్కగడుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు 30 డెసిబెల్‌లు. అంటే నిజానికి 85 డెసిబెల్‌లున్న 50 హెర్ట్జ్ మోత ఒక్కటే ఉంటే పరికరం మీద 55గా కనిపిస్తుంది. గ్లాసులు వణుకుతుంటాయి, మీటరు మాత్రం అంతా సవ్యంగా ఉందంటుంది. చాలా చిన్న ధ్వనులకు సరిపోయే ఈ కొలబద్దను డీజే మోతకు వాడటం అన్యాయమే.

పాటకు కూడా ఇందులో నష్టమే. లోచెవిలో పెద్ద మంద్రం తన పైనున్న ధ్వనులను కప్పేస్తుంది. తార ధ్వని మంద్రాన్ని అంతగా కప్పలేదు. బాస్ పెంచితే గాయని మునుగుతుంది, గాయనిని పెంచితే బాస్ మునగదు. అనుభవం ఉన్న బాస్ గిటారువాడు తన శబ్దం తనకు వినబడటం లేదని గొడవ పడకుండా, స్పీకరును తన కాళ్ల వైపు కాక చెవి ఎత్తుకు తిప్పుకుంటాడు. గోడ మూలకు ఆనించి పెట్టిన స్పీకరు మంద్రాన్ని ఇంకా ఉబ్బిస్తుంది కాబట్టి దాన్ని మూల నుంచి జరుపుతాడు. ఇక చెవి సంగతికొస్తే, 85 డెసిబెల్‌ల మోతలో రోజుకు ఎనిమిది గంటలు ఉండవచ్చని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల లెక్క. ఆ పైన ప్రతి 3 డెసిబెల్‌లకూ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే మిగులుతుంది. పెళ్లి మేళంవాళ్లు రాత్రంతా ఎంతలో ఉంటారో చెప్పనక్కరలేదు.

తోలు, తడి, నెగడు

మంద్ర వాద్యానికి అసలు శత్రువు వాన. బస్తర్‌లో నాలుగు నెలలు వానే. తోలు అంటే కొల్లాజెన్ అనే మాంసకృత్తుల దారాల నేత. ఆ దారాల మధ్యకు తేమ చేరితే అవి జారి సాగుతాయి. బిగువు తగ్గుతుంది, గొంతు దిగుతుంది, దెబ్బ తోలులోనే ఇంకిపోతుంది. దీనికి మందు నెగడు. ఆటకు ముందు డోళ్లనూ డప్పులనూ మంట పక్కన కాచుకోవడం బస్తర్ నుంచి కరీంనగర్ దాకా ఒకటే. వేడికి తేమ ఎగిరిపోయి, దారాలు దగ్గరపడి, తోలు మళ్లీ బిగుస్తుంది. వేలితో కొట్టి చూస్తూ శ్రుతి లేచేదాకా తిప్పుతూ కాచుతారు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రాత్రి ఈ బిగువు ఎంతోసేపు నిలవదు. అందుకే ఆట నడిచినంతసేపూ నెగడు ఆరిపోనివ్వరు.

తొందరపడితే తోలు చెడుతుంది. బాగా తడిసిన పచ్చితోలు 60, 65 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. ఉడికిన తోలు మళ్లీ సాగదు. ఎండిన తోలు అంతకన్నా ఎక్కువ వేడికి తట్టుకుంటుంది. కాబట్టి తడి ఉన్నంతసేపూ మంటకు దూరంగా, ఆరాక కాస్త దగ్గరగా పట్టాలి. 1950ల చివర్లో వచ్చిన ప్లాస్టిక్ పొర ఈ బెంగ తీర్చింది. దానికి తేమ పట్టదు, ఎలుక కొరకదు. కానీ బరువు తక్కువ. దెబ్బలో చురుకు బాగా పలుకుతుంది, మంద్రం మాత్రం పలచగా వస్తుంది. రేకు డోలుకు ప్లాస్టిక్ మూత వేసిన మేళాలు మోతలో పెరిగి లోతులో తగ్గడానికి కారణం ఇది.

బాస్ గిటారుకూ తేమతో ఇదే పోరు, రూపం వేరు. దాని నాలుగు తీగలూ కలిసి మెడను సుమారు 80 కిలోల బరువుతో లాగుతుంటాయి. వానాకాలంలో కొయ్య ఉబ్బితే ఆ మెడ వంగి తీగలు మెట్ల నుంచి ఎత్తుగా లేస్తాయి. లోపలి ఇనుప కడ్డీని పావు తిప్పు తిప్పి సరిచేస్తారు, ఒక్కసారిగా ఎక్కువ తిప్పరు. లావు తీగ నిజానికి సన్నని ఉక్కు తీగ మీద మరో తీగ చుట్టినది. ఒకే లావు కడ్డీ అయితే అది బిగుసుకుపోయి ఊగదు. బరువు పెంచుతూనే వంగే గుణం ఉంచడానికి ఈ చుట్లు. మృదంగం మీది రవ్వ ముద్దకూ దీనికీ ఉపాయం ఒకటే. ఆ చుట్ల సందుల్లో చెమటా మట్టీ చేరితే తీగ మూగబోతుంది. వాయించగానే పొడిగుడ్డతో తుడవాలి. మరీ మూగబోతే కొందరు తీగలు విప్పి నీళ్లలో మరగబెడతారు. మురికి వదిలి కొన్నాళ్లు గొంతు వస్తుంది, ఆ తర్వాత మార్చాల్సిందే.

డోలుకు అలా మార్చుకునే వెసులుబాటు తక్కువ. కొత్త తోలు దొరకాలి, నానాలి, బిగించాలి, ఆరాలి. వానాకాలంలో గొంతు దిగిందని తాళ్లు బలంగా లాగి బిగించడం అనుభవం లేనివాళ్లు చేసే పని. అప్పుడు బాగానే మోగుతుంది. ఫాల్గుణంలో ఎండలు ముదిరి తోలు ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, తాళ్లు మాత్రం పాత బిగువులోనే ఉంటాయి. ఏదో ఒక మధ్యాహ్నం, ఎవరూ ముట్టుకోకుండానే, గోడకు వేలాడుతున్న డోలు టప్పున చిట్లుతుంది.